ఖాళీ బరువు

ఉగాది పోయిన మూడో రోజు మా కాటాలో కంప్యూటర్ మార్చారు. పాతది విండోస్ ఏడు, కొత్తది పదకొండు అన్నారు. నేను చదివింది మూడో తరగతి.

మంగంపేట గనుల్లోంచి ముగ్గురాయి లారీలు బయటికొచ్చే రోడ్డు మీద ఉంటుంది ఆ కాటా. లారీ ఖాళీగా వచ్చినప్పుడు ఒకసారి ఎక్కుతుంది, రాయి నింపుకొని వచ్చినప్పుడు ఇంకోసారి ఎక్కుతుంది. రెండో బరువులోంచి మొదటిది తీసేస్తే మిగిలేది సరుకు. పద్దెనిమిదేళ్లు నేను చేసింది అదే పని. కాటా వెనక రెండు గదుల ఇల్లు కాటా మనిషికే ఇస్తారు. ముందు రేకుల కింద నా భార్య గిడ్డమ్మ డ్రైవర్లకు బొరుగుల ఉగ్గాని, బజ్జీ చేసి పెట్టేది. మా కూడు, మా నీడ, రెండూ నేను కూర్చునే కుర్చీకే కట్టేసి ఉండేవి.

కంప్యూటర్ తెచ్చింది శిల్పమ్మ. కాటా యజమాని నరసింహ రెడ్డి కోడలు, కడపలో చదివిన పిల్ల. పాత పెట్టె వైర్లు పీకి, వెడల్పాటి కొత్త తెర పెట్టి, "కూర్చో తాతా, ఒకసారి నొక్కి చూపించు," అంది.

కూర్చున్నాను. మౌసును కింద ఎడమ మూలకు తీసుకుపోయాను. పొద్దున్నే కుర్చీలో కూర్చోగానే నా చెయ్యి పోయేది ఆ మూలకే. అక్కడ ఉండాల్సిన బొమ్మ లేదు. పచ్చగా ఒక సూర్యుడు, పక్కన 41. దాని మీదే నొక్కాను. తెర సగం నిండా ఏవేవో బొమ్మలు పరుచుకున్నాయి.

"నలభై ఒకటి చూపిస్తాండాది," అన్నాను. "కాటా మీద లారీ లేదు గదమ్మా."

శిల్పమ్మ పడీపడీ నవ్వింది. బయట లారీ ఆపుకొని నిలబడిన నెహెమ్యా కిటికీలో తల దూర్చాడు.

"అది ఎండ బరువు మామా! దానికి గూడా స్లిప్పు కొట్టియ్యి, కడపకు ఏసకపోతా."

"కడపకు ఎండ తీస్కపోయేటోన్ని నిన్నే చూస్తాండాం," అంది గిడ్డమ్మ పొయ్యి దగ్గర నుంచి.

నెహెమ్యా ఓబులవారిపల్లె మనిషి. పదేళ్లుగా ఆ రోడ్డు మీదే లారీ తోలుతున్నాడు. నన్ను మామా అనేవాడు, గిడ్డమ్మను అత్తా అనేవాడు. తినేసి ఆకు పారేసేముందు, ఈసారి ఉప్పు తక్కువైందనో కారం ఎక్కువైందనో ఏదో ఒక వంక పెట్టి తిట్టించుకుంటే తప్ప కదిలేవాడు కాదు.

శిల్పమ్మ నవ్వు ఆపుకొని చెప్పింది. "స్టార్టు ఇప్పుడు మూలలో ఉండదు తాతా, మధ్యలోకొచ్చింది. కాటా ప్రోగ్రాం కూడా కొత్తది వేసినాం, పాతది దీంట్లో నడవదు. ఏం కష్టం లేదు. ఏదైనా డబ్బా వస్తే దాంట్లో ఏముందో చదివి నొక్కు, అంతే."

అంతే అంది.

నాకు అంకెలు బాగా వచ్చు. తెలుగు కూడబలుక్కుంటాను. ఇంగ్లీషులో లారీ నంబరులో ఉండే అక్షరాలు తప్ప ఒక్క ముక్క రాదు. అది వచ్చా అని పద్దెనిమిదేళ్లలో ఎవరూ అడగలేదు, రాదని నేనూ చెప్పలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని పెద్దగా మాట్లాడని మనిషికి అంతా తెలుసనుకున్నారు. అనుకోనిచ్చాను.

కోడలితో పాటు వచ్చిన నరసింహ రెడ్డి కారెక్కబోతూ ఆగాడు. "ఈరప్పా, నెల దినాలు చూస్తాం. కుదరకుంటే మనిషి లేకుండా కెమెరాతో నడిచే మిషను ఉండాదంట. కోడలు అదే పెట్టిద్దామంటాంది. నువ్వున్నావని నేనే ఆపినా."

"అయితాది రెడ్డీ," అన్నాను.

పాత తెర మీద నా గుర్తులన్నీ గిడ్డమ్మ బొట్టుబిళ్లలే. ఎర్రబిళ్ల ఉన్న చోట నొక్కితే బరువు ఎక్కుతుంది. పచ్చబిళ్ల దగ్గర నొక్కితే కాగితం వస్తుంది. మధ్యలో రెండు బొత్తాల డబ్బా ఒకటి వచ్చేది. ఈ బరువు దాచాలా వద్దా అని అది అడుగుతుందని మొదట్లో పని నేర్పిన మనిషి చెప్పాడు. ఎడమది అవును, కుడిది వద్దు. ఎడమ బొత్తాం మీద నల్లబిళ్ల అతికించుకున్నాను. అది ఊడిపోతే ఇంకోటి. అట్లా ఎన్ని బిళ్లలు మార్చానో.

ఆ సాయంత్రం గిడ్డమ్మ కొత్త బిళ్లల అట్ట తెచ్చి ఇచ్చింది. నేను ఒక్కొక్కటే పీకి కొత్త తెర మీద అతికిస్తూ ఉంటే నడుము మీద చేతులు పెట్టుకొని చూసింది.

"ఏమప్పా, నా మొగాన పెట్టుకునేటివన్నీ దాని మొగాన పెడ్తాండావే."

"నీకంటే అదే మనకు కూడు పెడ్తాండాది."

"పెట్టు పెట్టు. రెండు మూరలు మల్లెపూలు గూడా తెచ్చి చుట్టు." నవ్వింది. తర్వాత పక్కన స్టూలు మీద కూర్చుంది. "శిల్పమ్మను అడగరాదా? నాకు ఇంగ్లీషు రాదమ్మా, ఈడ ఏముండాదో తెలుగులో చెప్పు అను. నోట్లోంచి ముత్యాలు రాల్తాయా?"

"అడిగితే ఇల్లు పోతాది."

మేము ఆదోని దిక్కు నుంచి వానలు లేక వచ్చినవాళ్లం. అక్కడ మాకు మిగిలింది ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు.

కొత్తదానిలో ఏదీ పెట్టిన చోట నిలిచేది కాదు. ఒక పొద్దు కాటా ప్రోగ్రాం తెర నిండా తెరుచుకునేది, ఒక పొద్దు చిన్నగా ఒక పక్కన తెరుచుకునేది. బిళ్ల ఒక చోట, బొత్తాం ఒక చోట. చేత్తో బిళ్లను కప్పి, దానికి ఎంత దూరంలో ఏముందో వేళ్లతో కొలుచుకొని నొక్కేవాణ్ణి. మౌసు పట్టుకున్న చెయ్యి సాయంత్రానికి కొయ్యలాగా బిగుసుకుపోయేది.

ఒక మధ్యాహ్నం నేనేమీ నొక్కకుండానే తెర నల్లబడింది. మధ్యలో చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. కింద 37. చాలాసేపు 37 మీదే ఉంది. బయట తొమ్మిది లారీలు నిలబడ్డాయి. హారన్లు. పుల్లన్న అనే డ్రైవరు తలుపు దగ్గరికొచ్చి, "ఏం ఈరప్పా, రాయి మొలకెత్తేదాకా ఉండల్లనా?" అన్నాడు.

నేను చెయ్యరానిది ఏదో చేసి దాన్ని చంపేశాననుకున్నాను. నెల దినాలు ఇంకా నిండలేదు. ఏమైతే అదే అయిందని వైరు పీకడానికి వంగాను. నెహెమ్యా వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"పీకొద్దు మామా. నా సెల్లు గూడా ఇట్లే చేస్తాది. దాని పని అయిపోతే అదే లేస్తాది." తర్వాత బయటికి పోయి గట్టిగా అరిచాడు. "రాండ్రప్పా రాండి! మామ సిస్టానికి ఆకలైనాదంట. అది తినేలోపల మనం గూడా అత్త ఉగ్గాని తిందాం."

హారన్లు ఆగాయి. అందరూ రేకుల కిందికి పోయారు. అరగంటకు తెర తనంతట తాను లేచింది. ఆ పొద్దు నరసింహ రెడ్డి దాకా ఎవరూ మాట పోనియ్యలేదు.

నాలుగో వారంలో నెహెమ్యా లారీకి కొత్త బాడీ వచ్చింది. లారీ అతనిది కాదు, భూపేష్ అనే కాంట్రాక్టరుది. పక్కలు ఎత్తుగా లేపి, మందమైన ఇనప రేకు వేసి కట్టించారు. నెహెమ్యా ఖాళీ లారీని కాటా మీదికి ఎక్కించి, దిగి, చుట్టూ తిరిగి చూపించాడు.

"ఎట్లుండాది మామా? పెండ్లికొడుకు మాదిరి లేదూ?"

"నీకంటే మేలు," అంది గిడ్డమ్మ.

కాటా పక్కనుండే చిన్న పెట్టెలో ఎర్ర అంకెలు వెలిగాయి. 14,120. చూశాను. లారీ నంబరు కొట్టాను. ఎప్పటిలాగే రెండు బొత్తాల డబ్బా వచ్చింది. ఎడమ వైపు నల్లబిళ్ల ఉంది. నొక్కాను. రెండు గంటల తర్వాత అదే లారీ రాయి నింపుకొని వచ్చింది. 40,340. పచ్చబిళ్ల నొక్కాను. కాగితం వచ్చింది. నెహెమ్యా దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకొని కడప దగ్గరి మిల్లుకు బయలుదేరాడు.

మూడో రోజు పొద్దున భూపేష్ వచ్చాడు. వెనకాల నెహెమ్యా. కాటా గది ముందు ఎండలో నిలబెట్టి అడిగాడు.

"ఒకటిన్నర టన్ను యాడ దించినావురా?"

"దించలేదన్నా. పిల్లల మీద ఒట్టు. యాడా ఆపలేదు. రాజంపేటలో టీ తాగినా, అదీ బండి పక్కనే నిలబడి."

"ఈడ ఇరవై ఏడు టన్నుల ఏడొందలు ఎక్కింది. ఆడ మిల్లులో ఇరవై ఆరు టన్నుల రెండొందలు దిగింది. మధ్యలో గాలికి ఎగిరిపాయనా? టీ నీళ్లలో కరిగిపాయనా?" అని, నా దిక్కు తిరిగాడు. "ఈరప్పా, నీ కాటా ఎప్పుడన్నా తప్పు చూపిచ్చిందా?"

"లేదు," అన్నాను.

"పద్దెనిమిదేండ్లలో?"

"లేదు."

నేను అబద్ధం చెప్పలేదు. నాకు అప్పటికి తెలియదు. నెహెమ్యా కూడా తల ఊపాడు. నా కాటా తప్పు చూపించదని అతనికీ నమ్మకమే.

భూపేష్ అతని చేతిలోంచి లారీ తాళం తీసుకున్నాడు. రెండు కాగితాలు, మాదీ మిల్లుదీ, నా బల్ల మీద పడేసి, "రెడ్డికి ఇయ్యి," అని పోయాడు.

అందరూ చూసేది చివరి అంకె. నేను పైనుంచి చూసే మనిషిని. మా కాగితంలో నిండు లారీ 40,340. మిల్లు కాగితంలోనూ నిండు లారీ 40,340. దారిలో గులకరాయి కూడా పోలేదు. మధ్య అంకె చూశాను. మిల్లులో ఖాళీ లారీ 14,120. మా కాగితంలో 12,620. అది పాత బాడీ బరువు. ఎర్ర అంకెల్లో నేను కండ్లారా చూసిన 14,120 కాగితంలో లేదు.

ఆ డబ్బా అడిగేది వేరే ఏదో అని అప్పుడు అర్థమైంది. ఇన్ని వారాలూ ఎన్ని లారీలకు ఆ బొత్తాం నొక్కానో. మిగతా లారీల ఖాళీ బరువు మారలేదు కాబట్టి బయటపడలేదు, అంతే.

తలెత్తితే నెహెమ్యా ఇంకా వాకిట్లోనే ఉన్నాడు.

"నువ్వే గదా మామా ఎక్కిచ్చినావు," అన్నాడు. "నువ్వు చూసినావు గదా నిండుగా ఉన్నింది. యాడ పోయిండాది చెప్పు?"

నోరు తెరిచాను. "ఎండలో నిలబడొద్దు, లోపలికి రా," అన్నాను.

రాలేదు. రోడ్డు దాటి బస్సు కోసం నిలబడ్డాడు. లారీ లేకుండా అతన్ని ఆ రోడ్డు మీద చూడటం నాకు అదే మొదలు.

గిడ్డమ్మకు చెప్పాను. బజ్జీల పిండి కలుపుతున్న చెయ్యి అట్లాగే గిన్నెలో పెట్టుకొని విన్నది.

"ఎవరికన్నా చెప్పినావా?"

"లేదు."

"చెప్పొద్దు." పిండి అంటిన చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది. "నీకు దండం పెడతా, చెప్పొద్దు. వాడు వయసులో ఉండాడు. ఇంగో లారీ ఎక్కుతాడు. మనల్ని ఎవరు ఎక్కిచ్చుకుంటారు? ఈ కాళ్లతో నేను యాడికి నడవల్ల? మన చేతిలో దుడ్లుండాయా, పోనీకి ఊరుండాదా?"

నేను ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు చేతనైన పని.

నాలుగు రోజులు ఊరుకున్నాను. లారీలు ఎక్కాయి, దిగాయి. డబ్బా వచ్చినప్పుడల్లా ఇప్పుడు కుడి బొత్తాం నొక్కుతున్నాను. అదీ చదివి కాదు. గిడ్డమ్మ నా మొహం చూడకుండా కంచం పెట్టి, చూడకుండానే తీసేది.

ఐదో రోజు పుల్లన్న తింటూ చెప్పాడు. "నెహెమ్యా మూడు చోట్ల తాళం అడిగినాడంట. ఎవరూ ఇయ్యలేదు. కోడూరు కాడ్నించి కడప దాకా అందరికీ చెప్పేసినారు. సరుకు తినేటోడికి లారీ ఎవరిస్తారు?" గరిటె దిక్కు చెయ్యి చాపి, "ఇంగ రొంత ఉగ్గాని ఎయ్యమ్మా," అన్నాడు.

గిడ్డమ్మ వెయ్యలేదు. గరిటె గిన్నెలో పెట్టింది. పట్టపగలే పొయ్యి ఆర్పింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ గదిలోకి వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది.

"పో," అంది.

నరసింహ రెడ్డి ఇల్లు కోడూరులో. నేను పోయేసరికి భోంచేసి వసారాలో కూర్చొని ఉన్నాడు. శిల్పమ్మ ఒక పక్కన లాప్‌టాప్ పెట్టుకొని ఉంది. నేను దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను, అక్కడికి పోయాక రెండే వచ్చాయి.

"నెహెమ్యా దొంగ కాదు. నాకు ఇంగ్లీషు రాదు."

రెడ్డికి ఈ రెండు మాటలకూ పొత్తు తెలియలేదు. "ఏమంటాండావు?" అన్నాడు. కాగితాలు తీసి బల్ల మీద పెట్టి, పై అంకె మీద వేలు పెట్టాను, తర్వాత మధ్య అంకె మీద. శిల్పమ్మ లేచి వచ్చి వంగి చూసింది. 

"డబ్బా వస్తాది కదా తాతా, దాంట్లో ఏముంటాదో తెలుసా నీకు?"

"దాచమంటావా అని."

"కాదు. పాత ఖాళీ బరువే వాడాలా అని. నువ్వు అవును నొక్కినావు." ఆగి అడిగింది. "ఎన్నిసార్లు?"

"అన్నిసార్లూ."

రెడ్డి నవ్వబోయి నవ్వలేకపోయాడు. "పద్దెనిమిదేండ్లు మరి? ఎట్ల నడిపినావు ఈరప్పా?"

"చోటు చూసుకొని," అన్నాను.

లోపల ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. శిల్పమ్మ కుర్చీలో కూలబడినట్టు కూర్చుంది. "నాకు ఒక్క మాట చెప్పింటే అంతా తెలుగులో పెట్టిచ్చేదాన్ని తాతా," అంది. "దాంట్లో తెలుగు ఉండాది. రెండు నిమిషాల పని."

ఆ మాట నాకు ఇప్పటికీ దిగలేదు. రెండు నిమిషాల పని.

రెడ్డి భూపేష్‌కు ఫోన్ చేశాడు. సరుకు పోలేదని, కాటా దగ్గరే తప్పు జరిగిందని చెప్పాడు. అవతల భూపేష్ గొంతు నాకూ వినిపించింది. ఆ లారీ ఇంకొకరికి ఇచ్చేశాడట, ఇప్పుడు దించలేడట, తర్వాత చూస్తానన్నాడు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నాడు. రెడ్డి ఫోన్ పెట్టేసి నా దిక్కు చూడకుండా, "నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యి ఈరప్పా," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

నెహెమ్యాకు ఫోన్ చేస్తే కలవలేదు. మర్నాడు పొద్దున ఓబులవారిపల్లెలో అతని ఇంటికి పోయాను. భార్య బయటికొచ్చింది. చంకలో చిన్న బిడ్డ.

"ఇంట్లో యాడుంటాడు సామీ. దినామూ పొద్దు పుట్టకముందే మోటారుసైకిలు తీస్కొని పోతాండాడు. సరుకు దారిలో యాడో పడింటాది, ఎతుకుతా అంటాడు. చెప్తే వినడు. నువ్వన్నా చెప్పు, నీ మాటంటే వానికి గురి."

కడప బస్సెక్కాను. సీటున్నా కూర్చోలేదు. కిటికీ పక్కన నిలబడి రోడ్డు అంచే చూస్తూ పోయాను. రాజంపేట దాటింది, నందలూరు దాటింది. ఒంటిమిట్ట ఇంకా కొంచెం దూరం ఉందనగా ఒక మలుపులో తుమ్మచెట్టుకు ఆనించిన అతని మోటారుసైకిలు కనపడింది.

"ఆపప్పా, ఆపు," అని అరిచాను.

"ఈడ స్టాపు లేదు పెద్దాయనా," అని సణుగుతూనే కండక్టరు ఆపించాడు.

నెహెమ్యా రోడ్డు దిగువన, కంపచెట్లలో వంగి ఉన్నాడు. తలకు తువ్వాలు. ముళ్లు గీరుకొని చేతుల నిండా ఎర్రటి గీతలు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. వెతకడానికి ఇంకో మనిషి వచ్చాడన్నట్టు సంతోషపడ్డాడు.

"వచ్చినావా మామా! మలుపుల కాడే ఎక్కువ పడిండాది. లారీ ఒరిగినప్పుడల్లా పడింటాది. పక్కలు అంత ఎత్తు లేపేసరికి టార్పాలిన్ సరిగ్గా అందలేదు నాకు. నాదే తప్పు." గోనెసంచి లాక్కొచ్చి మూతి తెరిచి చూపించాడు. అడుగున జానెడు ఎత్తున ముగ్గురాయి ముక్కలు. రోజుకు వందల లారీలు పోయే రోడ్డు అది. ఏ లారీలోంచి ఏనాడు పడ్డవో. "ఇంతే అనుకోవద్దు. ఒంటిమిట్ట నుంచి కడప దాకా ఇంగా చూడనే లేదు."

నేను నేల మీద కూర్చున్నాను. అతనూ కూర్చున్నాడు. మొత్తం చెప్పాను. మూడో తరగతి దగ్గర మొదలుపెట్టి బొట్టుబిళ్లలు, డబ్బా, పాత బాడీ బరువు, నేను లేదు లేదు అన్నది, తర్వాత నాలుగు రోజులు తెలిసీ ఊరుకున్నది, ఏదీ దాచలేదు. లారీలు పోయినప్పుడల్లా చప్పుడుకు మాట వినపడక ఆగి, అవి పోయాక మళ్లీ చెప్పాను.

తిడతాడని చూశాను. కొట్టినా పడేవాణ్ణి. అతను నా దిక్కు చూడలేదు. సంచిలో చెయ్యి పెట్టి ఒక రాయి తీశాడు. బొటనవేలితో దాని మీది మట్టి తుడిచాడు.

"అట్లయితే ఇవి ఎవరివి మామా?" అన్నాడు.